పారిస్ రాత్రుల్లో లాంగ్ ఎక్స్‌పోజర్: ట్రైపాడ్ మోసుకువెళ్ళాలా, మానాలా?

వెలుగుజాడ (ప్రశ్న):

నమస్కారం. ఈ అక్టోబరు చివరి వారంలో కుటుంబంతో కలిసి పారిస్ వెళ్తున్నాను. పగలంతా మ్యూజియాలకూ పిల్లల ముచ్చట్లకూ సరిపోతుంది కనుక ఫొటోల కోసం నాకు మిగిలేది చీకటి పడే వేళ, ఆ తరువాత ఒక గంటా గంటన్నర మాత్రమే. సీన్ నది మీది వంతెనలు, ఈఫిల్ టవర్, కార్ల దీపాలు గీతలుగా సాగే పెద్ద కూడళ్ళు, వీటిని లాంగ్ ఎక్స్‌పోజర్‌లో, అంటే షట్టరును కొన్ని సెకన్ల పాటు తెరిచి ఉంచి, తీయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నా దగ్గర 24-70 ఎంఎం జూమ్ లెన్స్‌తో ఒక మిర్రర్‌లెస్ కెమెరా ఉంది. ట్రైపాడ్ కూడా ఉంది కానీ బాగా బరువైనది. దానిని భుజాన వేసుకొని పిల్లలతో మెట్రో ఎక్కి దిగడం ఎంతవరకు సాధ్యమో ఊహించలేకపోతున్నాను.

నా సందేహాలు మూడు. ట్రైపాడ్ లేకుండా చెప్పుకోదగ్గ ఫలితం వస్తుందా? ఎప్పుడూ చూడని ఊళ్ళో ఏ వేళకు ఎక్కడ నిలబడాలో ముందుగా నిర్ణయించుకోవడం ఎలా? ఈఫిల్ టవర్‌ను రాత్రిపూట ఫొటో తీయడం చట్టవిరుద్ధమని ఒక మిత్రుడు గట్టిగా వాదిస్తున్నాడు, అందులో నిజమెంత? సెట్టింగుల పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక, అంకెలతో పాటు ఆ అంకెల వెనుక ఉన్న కారణం కూడా ఎవరైనా వివరిస్తే సంతోషిస్తాను.

నిశాచరి:

వెలుగుజాడ గారూ, మీ రెండవ ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. నగరాల రాత్రి దృశ్యాలుగా మనం మెచ్చుకునే ఫొటోల్లో చాలావరకు పూర్తిగా చీకటి పడకముందు తీసినవే. సూర్యుడు అస్తమించిన పది పదిహేను నిమిషాల తరువాత ఆకాశం ముదురు నీలంగా మారుతుంది, వీధిదీపాలు వెలుగుతాయి, కాసేపు ఆ రెండు వెలుగుల బలం దాదాపు సమానంగా ఉంటుంది. అప్పుడు ఒకే ఎక్స్‌పోజర్‌లో ఆకాశమూ దక్కుతుంది, భవనాల అంచులూ దక్కుతాయి. ఆ తరువాత ఆకాశం నల్లబడిపోయి, దీపాలకూ నీడలకూ మధ్య తేడా సెన్సర్ పట్టుకోగలిగిన దానిని మించిపోతుంది.

అక్టోబరు చివర పారిస్‌లో ఈ వ్యవధి సూర్యాస్తమయం తరువాత సుమారు అరగంట. అయితే మీరు వెళ్ళే వారంలోనే ఒక చిక్కు ఉన్నది. అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున ఐరోపాలో గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. శనివారం ఆరున్నర దాటిన తరువాత అస్తమించిన సూర్యుడు ఆదివారం ఐదున్నర దాటగానే అస్తమిస్తాడు. ముందుగా టైమ్‌టేబుల్ వేసుకొనేవారు ఆ ఆదివారానికి ముందు ఒక లెక్క, తరువాత ఒక లెక్క రాసుకోవాలి. మ్యూజియం నుంచి బయటికి వచ్చేసరికే నీలం అంతా వెళ్ళిపోయే ప్రమాదం ఆ రోజే ఎక్కువ.

ఇక ఎక్కడ నిలబడాలన్నది. మ్యాపు తెరచి సూర్యుడు ఏ దిక్కున దిగుతాడో చూసుకోండి. ఆ రోజుల్లో పారిస్‌లో సూర్యుడు నేరుగా పడమటన కాక కొంత దక్షిణానికి వాలి అస్తమిస్తాడు. సీన్ మీద మూడవ అలెగ్జాండర్ పేరిట ఉన్న వంతెన మీద నిలబడి ఈఫిల్ టవర్ వైపు చూస్తే మీరు చూసే దిక్కు దాదాపు అదే. అంటే అస్తమయం తరువాత టవర్ వెనుక నారింజ, గులాబీ రంగుల వెలుగు మిగిలి ఉంటుంది, దాని పైన నీలం ఉంటుంది. అదే టవర్‌ను దానికి ఎదురుగా నదికి అవతల ఉన్న ట్రొకడెరో వైపు నుంచి తీస్తే మీ ముఖం ఆగ్నేయానికి ఉంటుంది. ఆ వైపు ఆకాశం అన్నిటికంటే ముందు చీకటిపడుతుంది. పోస్టుకార్డుల్లో అందరూ ట్రొకడెరో నుంచే తీస్తారు కనుక మీరూ అక్కడికే పరుగెత్తనవసరం లేదు. వెళ్ళదలిస్తే అస్తమయం అయిన వెంటనే అక్కడ ఉండండి, ఆలస్యంగా వెళ్ళే సాయంత్రానికి అలెగ్జాండర్ వంతెనను ఉంచుకోండి.

నా సలహా ఒక్కటే: ఒక సాయంత్రానికి ఒకే చోటు. సూర్యుడు అస్తమించడానికి అరగంట ముందే అక్కడికి చేరి, వెలుతురు ఉండగానే ఫ్రేము కుదుర్చుకొని, దూరంగా ఉన్న ఒక స్పష్టమైన అంచు మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి, ఆ తరువాత ఫోకస్ రింగు ముట్టుకోకండి. చీకట్లో ఆటోఫోకస్ తడుముకుంటూ అటూ ఇటూ తిరిగే సమయంలోనే నీలం కరిగిపోతుంది.

సెట్టింగుల కారణాలు అడిగారు కనుక చెబుతున్నాను. ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రతను) 100కు దించడం కేవలం నాయిస్ (చిత్రంలో ఇసుకరేణువుల్లా కనిపించే చుక్కలు) తగ్గించడానికి కాదు. ఐఎస్ఓ పెంచినకొద్దీ సెన్సర్ పట్టుకోగల వెలుగునీడల పరిధి కుంచించుకుపోతుంది, దీపాలు మండే రాత్రి దృశ్యంలో మనకు అన్నిటికంటే ఎక్కువ కావలసింది ఆ పరిధే. అపర్చర్‌ను (లెన్సులో వెలుగు దూరే రంధ్రాన్ని; ఎఫ్ అంకె పెరిగినకొద్దీ అది చిన్నదవుతుంది) ఎఫ్/8 దగ్గర పెట్టడం వల్ల ముందున్న రెయిలింగు నుంచి దూరపు గోపురం దాకా పదును వస్తుంది, దీపాల చుట్టూ కిరణాలు ఏర్పడతాయి. ఆ కిరణాల సంఖ్య లెన్స్ అపర్చర్ రేకుల మీద ఆధారపడి ఉంటుంది: రేకులు సరిసంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసి సంఖ్యలో ఉంటే దానికి రెట్టింపు. ఎఫ్/16 దాటితే కిరణాలు పొడవవుతాయి కానీ డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుగు వంగి చెదరడం) వల్ల చిత్రమంతా కొద్దిగా మెత్తబడుతుంది. ఈ రెండూ పెట్టుకున్నాక షట్టరు సమయం దానంతట అదే తేలుతుంది. వెలుగున్న నది ఒడ్డున రెండు సెకన్ల నుంచి పదిహేను సెకన్ల మధ్య ఎక్కడో నిలుస్తుంది.

రాత్రిపూట కెమెరా తెర చీకట్లో మెరిసిపోతూ కనిపించి, ఫొటో సరిపడా వెలుగుతో వచ్చిందన్న భ్రమ కలిగిస్తుంది. హిస్టోగ్రామ్‌ను (చిత్రంలో వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫును) మాత్రమే నమ్మండి. దీపం బల్బు తెల్లగా పోయినా నష్టం లేదు, దీపం వెలుగు పడిన రాతిగోడ తెల్లబడకూడదు.

ట్రైపాడ్ సంగతి: తీసుకువెళ్ళండి, కానీ ఆ బరువైనది కాదు. కిలోకు అటూ ఇటూ ఉండే చిన్న ట్రైపాడ్ మీ కెమెరాకు చాలు. మధ్య కడ్డీని పైకి లేపకుండా, కాళ్ళలో అన్నిటికంటే సన్నని చివరి భాగాన్ని బయటికి లాగకుండా వాడితే చిన్నది కూడా గట్టిగానే నిలుస్తుంది.

రాతివంతెన:

నిశాచరి గారు వేళ గురించి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ట్రైపాడ్ విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం. పిల్లలతో వెళ్ళే మనిషికి ట్రైపాడ్ బరువు కంటే దాని ఏర్పాటు ఎక్కువ భారం. కాళ్ళు సాచి, తల బిగించి, కెమెరా ఎక్కించి, మళ్ళీ మడిచేలోపు పిల్లలు నాలుగు వైపులకూ చెదిరిపోతారు. అదీ కాక చాలా మ్యూజియాల్లో ట్రైపాడ్‌ను అనుమతించరు. లూవ్ర్ వంటి చోట గ్యాలరీల్లో దానిని వాడడానికి ప్రత్యేక అనుమతి కావాలి. పగలు మ్యూజియం, సాయంత్రం ఫొటో అన్నది మీ ప్రణాళిక అయితే ఆ ట్రైపాడ్‌ను పగలంతా ఎక్కడ ఉంచుతారన్నది ముందే ఆలోచించుకోవాలి.

పారిస్ నదీతీరం అసలు ట్రైపాడే అక్కరలేని చోటు. పాంట్ నెఫ్ వంతెనను చూడండి. పేరుకు కొత్త వంతెన, సీన్ మీద నేడు నిలిచి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది, 1607లో పూర్తయింది. దాని పొడవునా స్తంభాల మీదుగా నదివైపు పొడుచుకువచ్చిన అర్ధచంద్రాకారపు గూళ్ళు ఉంటాయి, లోపల రాతి బెంచీలు ఉంటాయి. జనం నడిచే దారికి పక్కగా ఆ గూటిలో నిలబడితే మిమ్మల్ని ఎవరూ రాసుకుపోరు. పిట్టగోడ అడ్డంగా వెడల్పైన రాయి. దాని మీద మడిచిన మఫ్లరు పరచి, దాని మీద కెమెరా పెట్టి, లెన్సు కింద పర్సు దోపి ఎత్తు సరిచేసుకొని, రెండు సెకన్ల సెల్ఫ్‌టైమర్ నొక్కి చేయి తీసేయండి. కెమెరా బెల్టును మాత్రం మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకొని ఉంచండి, ఎందుకంటే గోడకు అవతల ఉన్నది నది. కెమెరాను చేత్తో అదిమి పట్టుకొని తీస్తే స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉండనివ్వండి; పూర్తిగా వదిలేస్తే ఆపేయండి, లేకపోతే లేని కదలికను సరిచేయబోయి అదే చిత్రాన్ని చెదరగొట్టవచ్చు.

అదే ఏర్పాటును పక్కనే ఉన్న పాంట్ దే జార్ మీద చేస్తే ఫలితం వేరుగా ఉంటుంది. అది ఉక్కు కమానుల మీద చెక్కపలకలు పరచిన పాదచారుల వంతెన. పదిమంది నడిచి వెళ్తుంటే పలకలు సన్నగా అదురుతాయి, ఆ అదురు కెమెరాకు అందుతుంది. అక్కడ ఎంత గట్టి ట్రైపాడ్ పెట్టినా పది సెకన్ల ఎక్స్‌పోజర్‌లో దీపాలు రెండుగా కనిపించవచ్చు. పాదచారుల వంతెనలకు ఇది మామూలే. లండన్‌లో మిలెనియం వంతెన 2000 జూన్‌లో తెరిచిన రోజే జనం అడుగులకు పక్కలకు ఊగిపోయి, రెండు రోజులకే మూతపడి, ఊగుడును అణచే డాంపర్లు బిగించాక 2002లో గానీ మళ్ళీ తెరుచుకోలేదు. అంత ఊగుడు మరెక్కడా ఉండకపోవచ్చు కానీ, మన కెమెరాను చెడగొట్టడానికి అందులో వెయ్యోవంతు చాలు. కనుక ట్రైపాడ్ ఉందా లేదా అన్నదానికంటే కాళ్ళ కింద రాయి ఉందా, ఉక్కు ఉందా అన్నది ముందు చూడండి.

ఆనుకోవడానికి ఏదీ లేని చోట మరో దారి ఉంది. ఈనాటి కెమెరాల స్టెబిలైజేషన్‌తో, లెన్సును వెడల్పు దృశ్యం వైపు పెట్టి, అర సెకను, ఒక్కోసారి ఒక సెకను దాకా చేత్తో పట్టుకొని తీయవచ్చు. ఒకే ఫ్రేమును కదలకుండా పదహారు సార్లు తీసి, ఇంటికి వచ్చాక ఫొటోషాప్‌లో వాటిని ఒకదానిపై ఒకటి సరిగ్గా అమర్చి సగటు తీస్తే నాయిస్ నాలుగో వంతుకు తగ్గుతుంది. నాయిస్ ఫ్రేముల సంఖ్య వర్గమూలం ప్రకారం తగ్గుతుంది కనుక పదహారుకు నాలుగు రెట్లు. నీళ్ళు కూడా ఆ పదహారు ఫ్రేముల సమయమంతా కలిపిన ఒకే ఎక్స్‌పోజర్‌లో ఉన్నంత నునుపుగా వస్తాయి. ఫోన్లలోని నైట్ మోడ్ లోలోపల చేసేది ఇంచుమించు ఇదే. సగటుకు బదులు మీడియన్ (ప్రతి బిందువుకూ అన్ని ఫ్రేముల్లోని మధ్యస్థ విలువ) ఎంచుకుంటే మధ్యలో నడిచి వెళ్ళిన జనం మాయమైపోతారు.

ఇనుపగోపురం:

మీ మిత్రుడు చెప్పినది సగం నిజం. టవర్ 1889 నాటిది, గుస్తావ్ ఈఫిల్ 1923లో మరణించారు. ఫ్రాన్స్‌లో రచయిత మరణానంతరం కాపీరైట్ 70 ఏళ్ళు ఉంటుంది కనుక టవర్ నిర్మాణం మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. పగటి ఫొటోను ఏ విధంగానైనా వాడుకోవచ్చు. రాత్రిపూట కనిపించే బంగారు రంగు దీపాల అలంకరణను మాత్రం వేరే కళాసృష్టిగా పరిగణిస్తారు. పియేర్ బిదో రూపొందించిన ఆ వెలుగు 1985 చివరి రోజున మొదలైంది, దాని మీద హక్కులు ఇంకా ఉన్నాయి. దాని అర్థం ఫొటో తీయకూడదని కాదు. సొంతానికి తీసుకోవచ్చు, బంధుమిత్రులతో పంచుకోవచ్చు. ఆ రాత్రి చిత్రాన్ని అమ్మదలిస్తే, ప్రకటనలకో ఉత్పత్తుల మీదో వాడదలిస్తే టవర్ నిర్వహణ సంస్థ అనుమతి కావాలి. లూవ్ర్ ముందున్న గాజు పిరమిడ్ విషయం కూడా ఇలాంటిదే. దాని వాస్తుశిల్పి ఐ. ఎం. పేయ్ 2019లో మరణించారు కనుక ఆ హక్కులు ఇంకా చాలాకాలం ఉంటాయి. ఫ్రాన్స్ 2016లో చేసిన చట్టం బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా ఉన్న కట్టడాల చిత్రాలను వ్యక్తులు వ్యాపారేతర అవసరాలకు వాడుకొనేందుకు వెసులుబాటు ఇచ్చింది. మీ కుటుంబపు ఆల్బమ్‌కు ఏ అడ్డంకీ లేదు.

చట్టం కంటే మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది టవర్ మెరుపులు. చీకటి పడ్డాక ప్రతి గంట మొదట్లో ఐదు నిమిషాల పాటు 20,000 బల్బులు తళుక్కుమంటూ ఉంటాయి. ఎనిమిది సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టి ఆ ఐదు నిమిషాల్లో షట్టరు నొక్కితే టవర్ నిండా తెల్లని చుక్కలు కిక్కిరిసి, ఇనుప అల్లిక ఏమీ కనిపించని ముద్దలా వస్తుంది. కారణం ఇది: ఒక్కొక్క మెరుపు క్షణకాలపుది, కనుక చిత్రంలో దాని కాంతి షట్టరు సమయం మీద ఆధారపడదు, అపర్చర్, ఐఎస్ఓల మీద మాత్రమే ఆధారపడుతుంది. షట్టరు సమయం నిర్ణయించేది ఎన్ని మెరుపులు చిత్రంలో పడతాయన్నదే. అందువల్ల మెరుపులు విడివిడిగా, నక్షత్రాల్లా కనిపించాలంటే అర సెకను, ఒక సెకను మించకుండా తీయాలి. నేనైతే మెరుపులు మొదలవడానికి ముందు నిదానంగా ఒక పొడవైన ఎక్స్‌పోజర్ తీసి ఉంచుకొని, మెరుపుల వేళ అదే ఫ్రేములో పొట్టివి కొన్ని తీసి, రెండింటినీ తరువాత కలుపుతాను.

మీ వారంలో సూర్యాస్తమయం తరువాత సుమారు ఇరవై నిమిషాలకు గంట కొడుతుంది. ఆ గంటకే తొలి మెరుపులు వస్తే నీలాకాశంలో దక్కుతాయి. టవర్ దీపాలు చీకటిని బట్టి వెలుగుతాయి కనుక అది మాత్రం గ్యారంటీగా పెట్టుకోకండి.

శిఖరం నుంచి తిరిగే సెర్చ్‌లైట్ కాంతి కూడా ఇటువంటిదే. కంటికి అది స్పష్టమైన కిరణం, పది సెకన్ల ఎక్స్‌పోజర్‌లో ఆకాశమంతా పరుచుకున్న లేత తెల్లదనం. కిరణంగానే కావాలంటే ఐఎస్ఓ పెంచి ఒక సెకనులోపు తీయాలి.

వెలుగుజాడ:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అలెగ్జాండర్ వంతెన దిక్కు సంగతి చదివాక మ్యాపు మీద గీత గీసి చూశాను, సరిగ్గా అలాగే ఉంది. ఇంకో రెండు విషయాలు మిగిలాయి. షాంజ్ ఎలీజె అనే పెద్ద వీధి మీద కార్ల దీపాల గీతలకు రాతివంతెన గారు చెప్పిన సగటు పద్ధతి పనిచేస్తుందా? చీకట్లో ఎక్స్‌పోజర్ సమయం లెక్కగట్టడానికి ప్రతిసారీ ముప్ఫై సెకన్లు వేచి ఉండి, చూసి, మళ్ళీ తీయడం తప్ప మార్గం లేదా?

నిశాచరి:

లెక్క తేలికే. ఐఎస్ఓను 6400కు పెంచి ఒక ప్రయోగపు ఫొటో తీయండి. కాలు సెకనుకు వెలుగు సరిగ్గా వచ్చిందనుకోండి. 6400 నుంచి 100కు దిగితే 64 రెట్లు తేడా, కాలు సెకనును 64తో హెచ్చిస్తే 16 సెకన్లు. ఫ్రేము వంకరగా ఉందా, మూలలో ఎవరి తలైనా అడ్డుపడుతోందా అన్నది కూడా ఆ కాలు సెకను ఫొటోలోనే తెలిసిపోతుంది. చాలా కెమెరాలు మామూలుగా 30 సెకన్ల దాకానే అనుమతిస్తాయి, అంతకు మించి కావాలంటే బల్బ్ మోడ్, అంటే మనం ఆపేదాకా షట్టరు తెరిచే ఉండే పద్ధతి. సీన్ తీరపు వెలుగుకు మీకు దాని అవసరం అరుదుగానే వస్తుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అన్న ఆప్షన్‌ను ఆ నీలి అరగంటలో ఆపేసి ఉంచండి, అది ప్రతి ఫొటో తరువాత అంతే సమయం షట్టరు మూసి మరో నల్లని ఫ్రేము తీస్తుంది, అంటే మీ సమయంలో సగం దానికే పోతుంది.

కార్ల గీతలకు సగటు పద్ధతి పనికిరాదు. సగటు తీస్తే ఒక్కో ఫ్రేములో పడిన దీపపు గీత పదహారో వంతుకు పలచబడుతుంది. సగటుకు బదులు లైటెన్ పద్ధతిలో (ప్రతి బిందువుకూ అన్నిటికంటే వెలుగైన ఫ్రేమునే ఉంచే పద్ధతిలో) కలిపితే గీతలు నిలుస్తాయి కానీ, ఒక ఫ్రేముకూ మరొక ఫ్రేముకూ మధ్య ఉన్న చిన్న విరామంలో కారు కదిలిన మేర గీత తెగుతుంది. నడుస్తున్న జనాన్ని తుడిచేయడానికి పనికొచ్చిన గుణమే ఇక్కడ అడ్డు. ట్రైపాడ్ తీసుకువెళ్ళమని నేను పట్టుబట్టింది ప్రధానంగా ఇందుకే.

ఆర్క్ ద ట్రియాంఫ్ అనే విజయతోరణం ఎదురుగా షాంజ్ ఎలీజె దాటే చోట రోడ్డు మధ్యలో పాదచారులు ఆగే స్థలం ఉంటుంది. అక్కడ నిలబడితే ఒక పక్క ఎర్ర గీతలు, మరో పక్క తెల్ల గీతలు, నడిమధ్యన తోరణం. సిగ్నల్ ఆకుపచ్చగా మారిన క్షణాన షట్టరు తెరిచి, మళ్ళీ ఎరుపు పడేలోపు మూయాలి. పది నుంచి ఇరవై సెకన్లు సరిపోతాయి. బస్సు వచ్చే వరకు ఆగితే మంచిది, దాని ఎత్తైన దీపాలు కార్ల గీతలకు పైగా ఇంకో వరుస గీస్తాయి. అయితే ఆ స్థలం చాలా ఇరుకు, పిల్లలను వెంటబెట్టుకొని నిలబడదగింది కాదు. ట్రైపాడ్ కాలు పొరపాటున కూడా రోడ్డు మీదికి పోకూడదు. పిల్లలు వెంట ఉన్న సాయంత్రం బిర్ హకీమ్ వంతెన మేలు. అక్కడ ఆరో నంబరు మెట్రో వంతెన పై అంతస్తు మీదుగా వెళ్తుంది. ఒడ్డు మీద నిలబడి, రైలు వచ్చేటప్పుడు షట్టరు తెరిస్తే కిటికీల వెలుగు ఒకే పట్టీగా సాగుతుంది, రైలు కోసం ఎదురుచూడడం పిల్లలకూ సరదాగానే ఉంటుంది.

నది ఒడ్డున ఇంకో చిక్కు కూడా వస్తుంది. పర్యాటకుల పడవలు తమ పక్కలకు పెద్ద ఫ్లడ్‌లైట్లు పెట్టుకొని వెళ్తూ ఒడ్డున ఉన్న భవనాల మీద వెలుగు గుమ్మరిస్తాయి. ఎక్స్‌పోజర్ మధ్యలో అటువంటి పడవ వస్తే చెట్లు, గోడలు అతుకులు వేసినట్లు తెల్లబడతాయి. దానికి నల్లని అట్టముక్క ఒకటి చాలు. షట్టరు తెరిచే ఉంచి, పడవ వచ్చేటప్పుడు అట్టను లెన్సు ముందు, దానిని తాకకుండా, అడ్డుపెట్టి, దాటిపోయాక తీసేయండి. అడ్డుపెట్టిన సెకన్లను లెక్కబెట్టి చివరన కలుపుకోవాలి కనుక ఇది బల్బ్ మోడ్‌లో చేయవలసిన పని.

జనం మాయమయ్యే మాట వచ్చింది కనుక ఒక చిన్న సంగతి. 1838లో ఇదే పారిస్‌లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన డాగేర్ తన కిటికీలోంచి ఒక వీధిని కొన్ని నిమిషాల ఎక్స్‌పోజర్‌తో తీశారు. పగటి వేళ, రద్దీగా ఉండే వీధి. బండ్లూ మనుషులూ అందరూ చెరిగిపోయారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడిన ఒక మనిషి మాత్రం మిగిలాడు. మీ ఫ్రేములో ఎవరైనా స్పష్టంగా నిలవాలని కోరుకుంటే, ఉదాహరణకు పిల్లలే, వారిని గోడకు ఆనించి రెండు సెకన్లు ఊపిరి బిగపట్టి నిలబడమనండి, అంతకు మించి ఏ పిల్లలూ నిలబడరు.

దారిఖర్చు:

సామాను విషయం ఎవరూ రాయలేదు. ట్రైపాడ్‌ను చెక్-ఇన్ పెట్టెలో, తల విప్పి బట్టల్లో చుట్టి పెట్టండి. కెమెరా విడి బ్యాటరీలు, పవర్‌బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. లిథియం బ్యాటరీలను విడిగా చెక్-ఇన్‌లో పెట్టనివ్వరు. పవర్‌బ్యాంకు 100 వాట్-గంటల లోపు ఉంటే ప్రత్యేక అనుమతి అక్కరలేదు. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-గంటలు అవుతుంది కనుక ఇబ్బంది లేదు.

ఫొటో తీసేటప్పుడు సంచిని పక్కన పెట్టకండి. దొంగల భయం ఒకటైతే, పారిస్‌లో ఎవరూ లేకుండా కనిపించిన సంచిని భద్రతా సిబ్బంది అనుమానంగా చూడడం మరొకటి. సంచిని ట్రైపాడ్ మధ్య కొక్కేనికి వేలాడదీస్తే సంచి కళ్ళెదుటే ఉంటుంది, ట్రైపాడూ బరువుతో గట్టిగా నిలుస్తుంది, కానీ అది గాలికి ఊగకుండా నేలకు కొద్దిగా తగిలేలా ఉండాలి. లెన్సు మీది యూవీ ఫిల్టరును రాత్రిపూట తీసేయండి. దీపాలు దానికీ లెన్సుకూ మధ్య ప్రతిఫలించి ఆకాశంలో పచ్చని బొట్లుగా ప్రత్యక్షమవుతాయి.

వెలుగుజాడ:

చిన్న ట్రైపాడ్ కొనడానికే నిర్ణయించుకున్నాను. పాంట్ నెఫ్ సాయంత్రం మాత్రం మఫ్లరుతోనే కానిస్తాను. ఆఖరి సందేహం: ఆ వారంలో వాన పడే అవకాశం బాగానే ఉందని అంటున్నారు. వాన పడిన సాయంత్రాన్ని వదులుకోవలసిందేనా?

రాతివంతెన:

వదులుకోకండి, వీలైతే ఆ సాయంత్రాన్నే ఎంచుకోండి. 1930లలో పారిస్ రాత్రులను తీసిన ఫొటోగ్రాఫర్ బ్రసాయ్ కూడా ఆ ఊరికి పరాయివాడే, ట్రాన్సిల్వేనియాలో పుట్టినవాడు. వానలో, పొగమంచులో వెలుగు పరుచుకుంటుందని ఆయన ఆ రాత్రులనే ఇష్టపడేవారు. ఎక్స్‌పోజర్ సమయాన్ని సిగరెట్ కాలే వ్యవధితో లెక్కబెట్టేవారట. మీకు కెమెరాయే లెక్కబెడుతుంది.

వాన వెలిసిన వెంటనే రాళ్ళు పరచిన నేల మీద ప్రతి దీపమూ కిందికి సాగి కనిపిస్తుంది. పొడిగా ఉన్నప్పుడు నల్లగా పోయే ముందుభాగమంతా తడిసినప్పుడు వెలుగుతో నిండుతుంది కనుక ఎక్స్‌పోజర్ కూడా కొంత తగ్గించవచ్చు. అటువంటప్పుడు కెమెరాను మోకాలి ఎత్తుకు దించండి, ప్రతిబింబం పొడవు పెరుగుతుంది. ప్రతి ఫొటోకు ముందు లెన్సును మెత్తని గుడ్డతో తుడవండి, ఎందుకంటే ఎఫ్/8 దగ్గర ఒక్క చినుకు కూడా దీపం చుట్టూ మసకగా తేలుతుంది. లెన్స్ హుడ్ (లెన్సు ముందు బిగించే తొడుగు) బిగించి ఉంచండి. గొడుగును మీకు కాక కెమెరాకు పట్టండి, దాని అంచు ఫ్రేములోకి దిగకుండా, దాని కడ్డీ ట్రైపాడ్‌కు తగలకుండా చూసుకోండి. గాలి విసురుగా ఉంటే గొడుగు మడిచేసి, ఏదైనా వంతెన కమాను కిందికి చేరి అక్కడి నుంచి తీయండి.